చప్పట్లు కొట్టిన తరువాత

(ఆగస్టు 19, ప్రపంచ మానవతా దినమున మన పాస్టరేటు సర్వసభ్య కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవత్సరోత్సవముల సందర్భముగా ఏర్పాటైన ఈ ప్రసంగముల వరుసలో మాకు ఇచ్చిన అంశము "అంటువ్యాధి కాలములో సేవ చేసినవారి పట్ల మన కృతజ్ఞత". ఆహ్వానపత్రము మీద ఈ మాటలు చూడగానే సులువైన అంశమే మా వంతుకు వచ్చినదని సంతోషించాము. కృతజ్ఞతను గూర్చి మాట్లాడడానికి ఎవరికి మాటలు కరువు? పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చిన ఒక్కని సంగతి ఉండనే ఉన్నది. కాని కాగితము, కలము తీసుకొని కూర్చున్న తరువాత మా చేయి ముందుకు సాగలేదు. ఎందుకు సాగలేదో చెప్పుకోవడమే ఈ ప్రసంగము. పదిమంది కుష్ఠరోగుల మీద ఈ వేదిక నుండి మీరు చాలా విన్నారు గనుక వారిని ఈ పూటకు విడిచిపెడదాము.

2020 మార్చి 22 మీకు జ్ఞాపకమే. ఆదివారము. అంతకు పదకొండు రోజుల ముందు, మార్చి 11న, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను ప్రపంచమంతటికీ వ్యాపించిన మహమ్మారి అని ప్రకటించినది. ఆ ఆదివారము జనతా కర్ఫ్యూ. సాయంకాలము అయిదు గంటలకు అందరూ గుమ్మములలోనికి వచ్చి వైద్య సిబ్బందికి, పారిశుద్ధ్య కార్మికులకు, పోలీసులకు కృతజ్ఞతగా చప్పట్లు కొట్టాలన్నారు. మన పేటలో చప్పట్లు కొట్టారు, పళ్ళేలు వాయించారు. ఆ గంట ప్రార్థన గంట కాకపోయినా మన ఆలయపు గంట కూడ కొట్టించాము. తాడు లాగిన వారిలో మేము ఒకరము. కళ్ళు చెమర్చిన మాట నిజము. ఆ కన్నీళ్ళు దొంగ కన్నీళ్ళు కావు, అది కూడ చెప్పాలి.

తరువాత మూడు వారములు గడిచినవో లేదో మన పేటలోని ఆశా కార్యకర్త ఆలయ ఆవరణలోని నీళ్ళ ప్లాంటుకు టిన్ను తీసుకొని వచ్చినది. ఊరి వెలుపలి నుండి వచ్చిన వారి ఇండ్లకు తిరిగి, జ్వరము ఉన్నదా, దగ్గు ఉన్నదా అని వ్రాసుకొనే పని ఆమెది. ముఖమునకు కట్టుకొన్నది ఆమె కుట్టుకొన్న గుడ్డ. చేతికి తొడుగులు లేవు. అప్పటికే ఎవరో ఒక పుకారు పుట్టించారు. ప్లాంటు కమిటీ వారమని చెప్పి మేము ముగ్గురము గేటు దగ్గరకు పోయి, "కొన్నాళ్ళపాటు కాలువ అవతలి బోరు దగ్గర పట్టుకోమ్మా, పిల్లలున్న పేట కదా" అన్నాము. ఎంతో మృదువుగానే అన్నాము. ఆమె మారు మాట ఆడలేదు. ఖాళీ టిన్ను సంకకు ఎత్తుకొని వెళ్ళినది. గంట తాడు లాగిన చేతులూ, గేటు గొళ్ళెము వేసిన చేతులూ ఒకటే.

ఆ ఏప్రిల్ నెలలోనే నెల్లూరులో వైద్యము చేసే ఒక డాక్టరుగారు కోవిడ్ సోకి చెన్నైలో కన్నుమూయగా, అక్కడ ఒక పేటవారు తమ శ్మశానములో దహనమునకు అడ్డుపడ్డారు. వారము తిరుగకుండానే అదే నగరములో మరొక వైద్యుడు, మన క్రైస్తవ సోదరుడు, నాడీశస్త్ర చికిత్సలో పేరు గడించినవాడు చనిపోయినాడు. ఏప్రిల్ 19 రాత్రి ఆయన శవమును తీసుకొని పోయిన అంబులెన్సు మీద జనము రాళ్ళు రువ్వారు. డ్రైవర్లకు తలలు పగిలినవి. చివరకు ఆయన తోటి వైద్యుడు ఒకరు, ఆస్పత్రి పనివారు ఇద్దరు ముగ్గురితో కలిసి, అర్ధరాత్రి వేరొక చోట తానే పార పట్టి మట్టి కప్పవలసి వచ్చినది. కుటుంబము కోరుకొన్న సమాధుల తోటకు ఆయన శరీరము చేరడానికి హైకోర్టు ఆదేశము, ఒక సంవత్సరము కాలము పట్టినవి. ఆ సంఘటన జరిగిన మూడు రోజులకే, ఏప్రిల్ 22న, కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది: అంటువ్యాధి కాలములో వైద్య సిబ్బందిని తీవ్రముగా గాయపరచిన వారికి ఏడేండ్ల వరకు జైలు. చప్పట్లు కొట్టిన నెల నాళ్ళకు ఆ చట్టము కావలసి వచ్చినది.

ఆ వార్త చదివి మేము ఎంతో మండిపడ్డాము. "మనుషులా వీళ్ళు?" అన్నాము. కాలువ అవతలి బోరు సంగతి మాకు అప్పుడు జ్ఞాపకము రాలేదు.

ఇక మన సమాధుల తోట సంగతి. ఆ ఆగస్టులో పట్నము ఆస్పత్రిలో వార్డు పని చేసే మన సంఘస్థుడు ఒకడు చనిపోయి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన శవము వచ్చినది. తోట కమిటీలో ఒక గంట వాదన. పాతిపెట్టడానికి వీలులేదని ఎవరూ అనలేదు. "ఎవరు దించుతారు?" అన్నారు, అంతే. ఆ ప్రశ్నకు ఎవరమూ జవాబు చెప్పలేదు. రాత్రి తొమ్మిది గంటలకు పొరుగు పట్నము నుండి నలుగురు ముస్లిము యువకులు వచ్చారు. అటువంటి శవములను మతము చూడకుండా పాతిపెట్టడమే ఆ నెలలలో వారు పెట్టుకొన్న పని. తెల్లని తొడుగులు తొడుగుకొని, తాళ్ళతో దించి, మట్టి కప్పి, మన గురువుగారు దూరము నుండి ప్రార్థన ముగించేవరకు తలలు వంచుకొని నిలబడ్డారు. ఆ తరువాత చేతులు కడుగుకొనడానికి సబ్బు, నీళ్ళు అడిగారు. అవి కూడ మనము అక్కడ పెట్టలేదు. వారి పేర్లు ఎవరమూ అడుగలేదు. ఈ శతవత్సర సంచికలో దాతల పేర్లు, పోషకుల పేర్లు పుటలు పుటలుగా ఉండబోవుచున్నవి. ఆ నలుగురి పేర్లు వేయడానికి మన దగ్గర లేవు.

అందుకే మా కలము సాగలేదు.

ఈ ఆగస్టు 19 ఎందుకు మానవతా దినమైనదో కొందరికి తెలిసియుండవచ్చును. 2003లో ఆ తేదీన బాగ్దాదులోని కెనాల్ హోటలులో ఉన్న ఐక్యరాజ్య సమితి కార్యాలయము మీద బాంబు దాడి జరిగి, సమితి ప్రతినిధి సెర్జియో వియేరా ద మెల్లోతో కలిపి 22 మంది మరణించారు. 2008లో సర్వసభ్య సమితి ఆ తేదీని సహాయ సేవకుల జ్ఞాపకార్థముగా నిర్ణయించినది. అయితే మాకు మాత్రము ఈ తేదీ మరొక మరణమును జ్ఞాపకము చేయుచున్నది. దానిని కొంచెము వివరముగా చెప్పనివ్వండి.

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా చెలరేగినది. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ అనే మూడు బీద దేశములలో రెండేండ్లలో 28,600 మందికి సోకి, 11,300 మందికి పైగా ప్రాణములు తీసినది. వైద్య సిబ్బందిలోనే అయిదు వందల మందికి పైగా పోయినారు. ఆ జూలై 20న లైబీరియా నుండి విమానములో నైజీరియాలోని లాగోస్ నగరములో దిగిన ఒక అధికారి జబ్బుతో కూలబడ్డాడు. అప్పుడు ప్రభుత్వ వైద్యులు సమ్మెలో ఉన్నారు గనుక ఒక ప్రయివేటు ఆస్పత్రికి తీసుకొని పోయినారు. అక్కడ పెద్ద డాక్టరమ్మ అమేయో స్టెల్లా అడదేవో. మలేరియా అనుకొని వైద్యము చేయుచున్న ఆ రోగిని చూచి ఇది ఎబోలా కావచ్చునని ఆమె అనుమానించినది. అంతకు ముందు ఆ దేశములో ఆ జబ్బును ఎవరూ చూడలేదు, ఆమె కూడ చూడలేదు. పరీక్ష ఫలితము వచ్చేవరకు రోగిని బయటకు పంపనన్నది. ఆయన పెద్ద హోదాలో ఉన్నవాడు, సమావేశమునకు పోవలసినవాడు. పంపివేయమని ఆయన దేశపు అధికారుల నుండి ఒత్తిడి వచ్చినది. బెదిరింపులు కూడ వచ్చినవి. ఆమె లొంగలేదు.

లాగోస్ అంటే కోటికి పైగా జనము క్రిక్కిరిసి ఉన్న మహానగరము. ఆ మనిషి వీధిలో పడియుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చును. నైజీరియా మొత్తము మీద ఆ జబ్బు సోకినవారు 20 మంది, చనిపోయినవారు 8 మంది. 2014 అక్టోబరు 20న ఆ దేశము ఎబోలా నుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ఆ ప్రకటన వినడానికి డాక్టరు అడదేవో లేదు. ఆ రోగి నుండి ఆమెకు సోకినది. ఆగస్టు 19న, సరిగా ఈ దినముననే, 57వ ఏట కన్నుమూసినది.

"జీతము తీసుకొని చేసే పనికి కృతజ్ఞత దేనికండీ?" అని మనలో కొందరు అంటారు. మా ఇంటి అరుగు మీదనే ఈ మాట చాలసార్లు విన్నాము. ఆలోచించండి. ఆ రోగిని పంపివేసే కాగితము మీద సంతకము పెట్టినా ఆమెకు ఆ నెల జీతము అంతే వచ్చేది. పెట్టకపోయినా అంతే. ఆమె చేసిన దానికి జీతపు పట్టీలో గడి లేదు. మరికొందరు "కాపాడినది దేవుడు, స్తోత్రము ఆయనకే" అంటారు. మంచిదే. కాని దేవునికి స్తోత్రము చెప్పిన నోటితోనే పొరుగువానికి ఒక మంచి మాట చెప్పితే స్తోత్రము తరిగిపోదు.

ఆమె కుటుంబము వారు, స్నేహితులు ఆమె పేర ఒక ట్రస్టు స్థాపించి, వైద్య సిబ్బంది తమను తాము అంటువ్యాధుల నుండి ఎట్లు కాపాడుకోవాలో శిక్షణ ఇప్పించుచున్నారు. ఇది మాకు నచ్చినది. చనిపోయిన వారికి చెల్లింపలేని బాకీని బ్రతికియున్న వారికి చెల్లించుట.

బ్రతికియున్న వారి సంగతి మనము తరచు మరచిపోవుదుము. లైబీరియాలో సలోమీ కార్వా అనే యువతి ఉండేది. 2014లో ఎబోలా ఆమె తల్లిని, తండ్రిని తీసుకొని పోయినది. ఆమెకు కూడ సోకినది, కాని బ్రతికినది. ఒకసారి బ్రతికి బయటపడిన వారికి ఆ జబ్బు తిరిగి సోకే భయము చాలా తక్కువ. అందువలన ఆమె తాను పడియున్న చికిత్సా శిబిరమునకే తిరిగి వచ్చి, "సరిహద్దులు లేని వైద్యులు" అనే సంస్థలో చేరి, ఇతరులు ముట్టడానికి జంకే రోగులకు స్నానము చేయించినది, అన్నము తినిపించినది, ధైర్యము చెప్పినది. ఆ సంవత్సరము టైమ్ పత్రిక ఎబోలాతో పోరాడినవారిని ఆ ఏటి మేటి వ్యక్తులుగా ఎన్నుకొని, ముఖపత్రముల మీద వేసిన బొమ్మలలో ఆమె బొమ్మ కూడ ఉన్నది. ప్రపంచమంతా చూచినది. ఇంతకంటె పెద్ద సన్మానము ఏముంటుంది?

2017 ఫిబ్రవరిలో ఆమెకు ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఇంటికి వచ్చిన కొద్ది గంటలకే మూర్ఛలు వచ్చినవి. ఆస్పత్రికి తీసుకొని పోతే, ఎబోలా వచ్చి పోయిన మనిషి అని సిబ్బంది ఆమెను ముట్టడానికి వెనుకాడారని ఆమె కుటుంబము వారు చెప్పారు. నలుగురు పిల్లలను విడిచి చనిపోయినది. ఎందరినో ముట్టి బ్రతికించిన మనిషి.

ముఖపత్రము మీద బొమ్మ వేయడము సులువు. చేయి పట్టుకోవడము కష్టము. వారిని "దేవతలు" అని, "కనిపించే దేవుళ్ళు" అని పిలువడములో కూడ ఒక చిక్కు ఉన్నదని మా అభిప్రాయము. దేవతకు ఆకలి ఉండదు, అద్దె ఉండదు, భయము ఉండదు, రెండు నెలల జీతము రాకపోయినా పరవాలేదు. మనిషి అన్నామంటే ఇవన్నీ ఉంటాయి, మనకు పని పడుతుంది. సియెర్రా లియోన్‌లో కెనెమా అనే ఊరిలో 2014 నవంబరులో శవములు పాతిపెట్టే పనివారు తమకు రావలసిన ప్రమాద భత్యము ఇవ్వలేదని విసిగి, కొన్ని శవములను ఆస్పత్రి ద్వారము దగ్గర వదిలిపెట్టారు. ఘోరమైన పనే, మేము దానిని సమర్థించబోము. కాని వారిని పనిలోనుండి తీసివేస్తామన్న ప్రకటన ఒక్క రోజులో వచ్చినది. భత్యము అంత త్వరగా రాలేదు.

మన దేశములో 2005 నుండి ఆశా కార్యకర్తలు ఉన్నారు. పది లక్షల మంది, అందరూ స్త్రీలే. 2020 ఆగస్టులో, కోవిడ్ నడుమ, సుమారు ఆరు లక్షల మంది రెండు దినములు సమ్మె చేశారు. సరియైన వేతనము, రక్షణ తొడుగులు అడిగారు. 2022 మే 22న ప్రపంచ ఆరోగ్య సంస్థ వారందరికీ కలిపి ప్రపంచ ఆరోగ్య నాయకుల పురస్కారము ఇచ్చినది. న్యాయమైన పురస్కారమే. మన రాష్ట్రములో వారి పారితోషికమును 2019లో నెలకు 10,000 రూపాయలకు పెంచారు. దానిని జీతము అనరు, "గౌరవ వేతనము" అంటారు. ఆ మాటలో గౌరవము మనకు కనబడుతుంది, వారికి వేతనము ఎప్పుడు కనబడుతుందన్నదే ప్రశ్న.

ఆ పురస్కారపు వార్త పేపరులో చూచి మన సంఘము కూడ ఒక సన్మాన సభ పెట్టినది. మీరందరూ వచ్చారు. ఉదయము తొమ్మిదింటికి రమ్మని చెప్పి, పన్నెండు దాటేవరకు వారిని పందిరి చివర ఎండ పడే వరుసలో కూర్చోబెట్టాము. వేదిక మీద పదకొండు మంది మాట్లాడారు. అందరికంటె ఎక్కువ సేపు మాట్లాడినది మేమే. ఒక్కొక్కరికి శాలువా కప్పడానికి అరనిమిషము పట్టినది. ఫొటో సరిగా రాలేదని ఒకామెకు రెండుసార్లు కప్పాము.

ఇంతకంటె మంచి పద్ధతి మన తెలుగు దేశములోనే ఒకటి ఉన్నది. 1883లో గుంటూరు వచ్చి, 1930లో చనిపోయేవరకు అక్కడి స్త్రీలకు, పిల్లలకు వైద్యము చేసిన లూథరన్ మిషను డాక్టరమ్మ అన్నా కుగ్లర్ పేరు మీరు ఎరుగుదురు. తన భార్యకు ఆమె చేసిన వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు జమీందారుగారు ఆ ఆస్పత్రి ఎదుట ఒక సత్రము కట్టించారు, రోగుల వెంట వచ్చిన బంధువులు తల దాచుకొనేందుకు. ఆమెకు కావలసినదేమిటో ఆయన చూచినట్లున్నాడు. రోగికి మంచము ఆస్పత్రిలో ఉన్నది, రోగి తల్లికి చెట్టు క్రింద చోటు కూడ లేదు. మనకు అంత స్తోమత లేదనుకోండి. చూడడానికి స్తోమత అక్కరలేదు.

ఇప్పుడు మా సంగతి ముగిస్తాము. 2021 మే నెలలో, రెండవ విడతలో, మా ఇంట్లో ఇద్దరికీ జ్వరము వచ్చినది. మా గుమ్మము ముందు నుండి పోయేవారు అవతలి ప్రక్క నడిచారు. మేము నేర్పిన పాఠమే కదా. మూడవ నాడు తెల్లవారుజామున తలుపు దగ్గర, "మాస్టారూ, మందులు అరుగు మీద పెట్టాను. వేలుకు ఇది తగిలించుకొని అంకె ఎంతో చెప్పండి" అన్న కేక వినబడినది. ఆమే. నీళ్ళ టిన్ను ఆమె. రోజూ రెండుసార్లు వచ్చినది. అయిదవ నాడు అంకె 91 అని చెప్పగానే 108కి ఫోను చేసినది. బండి వచ్చేవరకు గుమ్మములో నిలబడి, "ఏమీ కాదు, అమ్మగారూ, బోర్లా పడుకోండి" అంటూనే ఉన్నది. తొమ్మిది దినములు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉండి ఇద్దరమూ తిరిగి వచ్చాము.

వచ్చిన తరువాత ఆమెను చూడడానికి మేము వెంటనే పోలేదు. సిగ్గు. సన్మాన సభలో శాలువా కప్పినప్పుడు కూడ ఆ గేటు సంగతి ఎత్తలేదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించిన తరువాత ఒక ఆదివారము ఆరాధన ముగియగానే ఇద్దరమూ ఆమె ఇంటికి పోయినాము. కుర్చీలు వేసినది. మేము చెప్పదలచుకొన్నది చెప్పాము. ఆమె కొంచెము సేపు కొంగుతో కుర్చీ చేయి తుడుచుకొంటూ ఉండి, "ఆ బోరు నీళ్ళు ఉప్పండి, మాస్టారూ. పిల్లలు తాగలేకపోయారు" అన్నది. అంతకు మించి ఆ సంగతి ఎత్తలేదు. మేమూ ఏమీ అనలేకపోయినాము.

లేచేటప్పుడు, "అమ్మా, నీకు మేమేమి చేయగలమో చెప్పు" అని అడిగాము. ఏదో ఇవ్వమంటుందనుకొన్నాము. ఆమె లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చినది. అందులో కోవిడ్ నాళ్ళలో అదనముగా చేసిన పనుల తాలూకు కాగితములు, మూడు నెలల పారితోషికము రానివి. "నేను వెళితే రేపు రమ్మంటారు. మీకు కాగితాలు చదవడము తెలుసు. ఒకసారి నాతో ఆఫీసుకు వస్తారా?" అన్నది.

పోయినాము. మొదటిసారి సంబంధించిన గుమాస్తా సెలవులో ఉన్నాడు. రెండవసారి అర్జీ తిరిగి వ్రాయమన్నారు, వ్రాశాము. మూడవసారి రెండు నెలల సొమ్ము మంజూరైనది. మూడవ నెలది ఇంకా రాలేదు. వచ్చే సోమవారము ఉదయము పది గంటల బస్సుకు మేమూ ఆమే మళ్ళీ పోవుచున్నాము. ఆమెతోపాటు మన పాస్టరేటులో ఇటువంటి కాగితములు పట్టుకొన్నవారు మరి నలుగురు ఉన్నారని తెలిసినది. చదువను వ్రాయను వచ్చినవారు ఎవరైనా తోడు వస్తే బస్టాండులో కలుసుకొందాము.